ప్రశాంతమైన ఓడ, పందొమ్మిది మంది సిస్టర్లు

ఓడ మునగలేదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు చివరిదాకా లైఫ్ జాకెట్ వెతుక్కుంటూ చదువుతారు. ఓడకు ఏమీ కాలేదు, కెప్టెన్‌కి ఏమీ కాలేదు, ఎర్ర సముద్రానికి అసలే ఏమీ కాలేదు. మునిగింది ఒక్క నా పరువు. మూడేళ్ళు దాటినా అది ఇంకా పైకి తేలలేదు.

నేను జెద్దాలో ఒక ఆసుపత్రిలో నర్సుని. మాది పాలకొల్లు దగ్గర. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. నాకంటే తెలివైన మనిషి ఇంకా పుట్టలేదని గట్టి నమ్మకం ఉండేది. మీకూ ఆ వయసులో ఉండే ఉంటుంది, ఒప్పుకోరంతే.

మా వార్డు ఇన్‌ఛార్జి రత్నక్కది నరసాపురం. ఇరవై నాలుగేళ్ళుగా అదే ఆసుపత్రి. ఆమె వార్డులోకి అడుగుపెట్టి "సైలెన్స్!" అందంటే పేషెంట్లే కాదు, వాళ్ళ మానిటర్లు కూడా భయపడి మెల్లగా కూసేవి. నేను సౌదీకి వచ్చిన కొత్తలో ఇంటి మీద బెంగతో దుప్పట్లు పెట్టే గదిలో దాక్కుని ఏడుస్తుంటే, తలుపు తీసి చూసి, "ఏడ్చేసి రా. పది నిమిషాలు నీ బెడ్లు నేను చూత్తాను" అని తలుపు మూసేసి వెళ్ళిన మనిషి. ఆ పది నిమిషాల బాకీ నేను ఇప్పటికీ మోస్తున్నాను.

ఆ రత్నక్క పేపర్లు తయారయ్యాయి. వచ్చే నెలలో ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక మళ్ళీ రాకుండా ఇంటికి వెళ్ళిపోవడం.

"అక్కా, నీకేం కావాలో చెప్పు. వాచీయా, గొలుసా?" అని అడిగాను.

"నాకేం వొద్దే. మూడ్రోజులు ఎవరూ నన్ను సిస్టర్ అని పిలవని చోట కూర్చుని, ఈ లేసు పూర్తి చేసుకోవాలని ఉంది. అంతే."

ఆ లేసు సంగతి మా హాస్టల్‌లో అందరికీ తెలుసు. అది భోజనాల బల్ల మీద పరిచే గుడ్డ, ఆరేళ్ళుగా అల్లుతోంది. ఆరు కుట్లు వెయ్యగానే ఎవరో బెల్లు నొక్కేవారు. ఊరికి వెళ్ళేలోపు అది పూర్తవాలని ఆమె ఆశ. ఇరవై నాలుగేళ్ళలో ఆమె నన్నే కాదు, ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగిన ఈ ఒక్కటీ తీర్చకపోతే నేను మనిషినే కాదనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ప్రకటన కనబడింది. జెద్దా నుంచి ఓడ, ఎర్ర సముద్రం మీద మూడు రాత్రులు. సముద్రం మధ్యలో ఎవడు బెల్లు నొక్కుతాడు?

కానీ మా లీలమ్మ చేచీ నా గుండెల్లో రాయి వేసింది. ఆవిడ కేరళ మనిషి; వాళ్ళ భాషలో చేచీ అంటే అక్క, మోళే అంటే అమ్మాయీ అని. అంతకు ముందు ఏడాది కాలేజీ సెలవుల్లో అదే ఓడ ఎక్కి వచ్చింది.

"అయ్యో సుగుణా, నువ్వు వెళ్ళకు మోళే! మొత్తం కాలేజీ పిల్లలు. వరండాలో పరుగు పందేలు. పూల్‌లో నీళ్ళు తక్కువ, పిల్లలు ఎక్కువ. మూడు రోజులు నేను చెవిలో దూది పెట్టుకుని ఉన్నా. నేనే ఎదురు డబ్బిచ్చి నైట్ డ్యూటీ చేసినట్టే!"

ఇదన్నమాట అసలు శత్రువు. కాలేజీ మూక లేని వారం పట్టుకుంటే చాలు, రత్నక్క లేసు పూర్తయినట్టే. నేను పరిశోధన మొదలుపెట్టాను. యూనివర్సిటీల సెలవులన్నీ కాయితం మీద రాసుకుని, ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఆకుపచ్చ పెన్నుతో గుండ్రాలు చుట్టాను. చివరికి మా వార్డులో ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన రాజన్న దగ్గర సాక్ష్యం కూడా తీసుకున్నాను. ఆయనది జగిత్యాల. వాళ్ళ కంపెనీయే యూనివర్సిటీ హాస్టల్ ఏసీలు కూడా చూస్తుంది.

"గా వారమా సిస్టరమ్మా? రంది వెట్టుకోకు. గా వారం దాటంగనే పిల్లలకు పరీక్షలు. ఒక్కలు గూడ అల్లరి జెయ్యరు. పుస్తకాలు ముంగటేసుకొని కూసుంటరు."

"కచ్చితంగానా రాజన్నా?"

"నా కండ్లతోని జూస్త గద ఏటా!"

ఇంకేం కావాలి! రత్నక్కకీ నాకూ టికెట్లు కొనేశాను. బుధవారం సాయంత్రం బయలుదేరి శనివారం పొద్దున తిరిగి రావడం. ఆమెకు చెప్పాను. లేసు బుట్టలో రెండు దారపు ఉండలు ఎక్కువ పెట్టుకుంది. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇక్కడిదాకా నేను చేసినదంతా తెలివైన పనే, గమనించండి. తెలివితక్కువ పని ఇక్కడి నుంచి మొదలవుతుంది.

రత్నక్కకు సెలవులు పుష్కలంగా మిగిలి ఉన్నాయి. నాకు లేవు. నేను వెళ్ళాలంటే మూడు డ్యూటీలు ఎవరితోనైనా మార్చుకోవాలి. మా హాస్టల్‌లో ఎవరైనా డ్యూటీ మార్చుకుంటారు, కానీ కారణం చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళే ఒక కారణం కల్పించుకుంటారు, అది పెళ్ళిచూపులే అయి ఉంటుంది, సాయంత్రానికి పెళ్ళికొడుకు జీతం కూడా తెలిసిపోతుంది. అందుకని నిజమే చెప్పాలని నిర్ణయించుకుని ముందు ఏలూరు జ్యోతి దగ్గరికి వెళ్ళాను.

"జ్యోతీ, నీకు మాత్రమే చెబుతున్నాను. ఆ వారం ఓడలో కాలేజీ వాళ్ళు ఒక్కళ్ళూ ఉండరు. ఖాళీగా ఉంటుంది. అక్కకి ప్రశాంతంగా ఉంటుందని తీసుకెళ్తున్నాను. ఎవరికీ చెప్పకే."

"ఛ ఛ, నేనెందుకు చెప్తాను? నీ డ్యూటీ నాకు రాసెయ్."

జ్యోతి నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పాను చూడండి, అదీ నా తెలివి. మిగిలిన రెండు డ్యూటీల కోసం ఇంకో ఇద్దరికీ ఇదే పాట పాడాను, ఒక్కొక్కరికీ "నీకు మాత్రమే" అన్న పల్లవితో సహా.

తరవాత జరిగింది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఖాళీ ఓడ అనేసరికి జ్యోతికి ఆశ పుట్టి, నా డ్యూటీని లీలమ్మ చేచీకి అంటగట్టింది. అంటగట్టాలంటే కారణం చెప్పాలి కదా, చెప్పింది. పోయిన ఏడాది పోగొట్టుకున్న నిద్ర ఇప్పుడు వడ్డీతో రాబట్టుకోవాలని చేచీకి బుద్ధి పుట్టి, ఆ డ్యూటీ పక్క వార్డులో ఇంకొకరికి ఇచ్చింది. అలా నా డ్యూటీలు చేతులు మారుతూ పోయాయి, వాటి వెంటే రహస్యం కూడా పోయింది. చివరికి ఆ డ్యూటీలన్నీ చేసిన ఫిలిప్పీన్స్ సిస్టర్లు, "ఏంటి, ఈ వారం మీ ఇండియాలో పెద్ద పండగా?" అని అడిగారట.

బుధవారం సాయంత్రం పోర్టుకు చేరాం. నేను పోలీసులా చుట్టూ చూశాను. కుర్రకారు గుంపు లేదు. ఒక పెద్దాయన, ఆయన కుటుంబం, తలవంచుకుని కూర్చున్న ముగ్గురు ఆడపిల్లలు, కొందరు ముసలివాళ్ళు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"చూశావా అక్కా? చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది."

"సుగుణా!" అని అరుపు వినపడింది. అది చీమ కాదు, జ్యోతి. చేతిలో సూట్‌కేసు.

"నువ్వేంటే ఇక్కడ? నా డ్యూటీ?"

"చేచీ చేత్తానంది."

చేచీ జ్యోతి వెనకాలే నిలబడి ఉంది. "నేను ఎవరికీ చెప్పలేదు మోళే. నా చెల్లికి మాత్రం చెప్పా." చెల్లి చేచీ వెనకాల ఉంది. నేను నోరు తెరిచేలోపు మమ్మల్ని రోజూ హాస్టల్ నుంచి డ్యూటీకి తీసుకెళ్ళే బస్సు, సాక్షాత్తూ అదే బస్సు, వచ్చి ఆగింది. అందులోంచి ఒక్కొక్కరే దిగారు. జంతికల డబ్బాలు, గోంగూర పచ్చడి సీసాలు, ఒకావిడైతే రైస్ కుక్కర్. లెక్కపెట్టాను. మా ఇద్దరితో కలిపి పందొమ్మిది మంది.

పెనం మీంచి పొయ్యిలో పడ్డారని మనవాళ్ళు అంటారు. నేను పొయ్యిని సూట్‌కేసులో సర్దుకుని మరీ తీసుకొచ్చాను. మోషే కోసం ఈ సముద్రం రెండుగా చీలి దారి ఇచ్చిందని చిన్నప్పుడు విన్నాను. ఆ సాయంత్రం నేను దాక్కోవడానికి కాస్త పగులు ఇచ్చినా బాగుండేది. రత్నక్క మాత్రం అందరినీ ఓసారి చూసి, "పర్లేదులే" అంది. ఆమె కోప్పడినా ఇంత బాధ ఉండేది కాదు.

గురువారం పొద్దున సముద్రం కాస్త ఊగింది. నర్సులంత చెడ్డ పేషెంట్లు లోకంలో ఉండరు. పదిహేడు మందీ మంచాలకు అతుక్కుపోయి ఒకటే మూలుగు. నేను కూడా.

"సిస్టర్! రత్నా సిస్టర్! నేను చచ్చిపోతున్నా!"

"చావవు గానీ ఈ నిమ్మకాయ వాసన చూడు. జ్యోతీ, నువ్వు ఆ పచ్చడి తినడం ఆపు ముందు."

మూడు రోజులు సిస్టర్ అన్న పిలుపు వినకూడదనుకున్న మనిషి, చేతిలో నిమ్మకాయలూ మాత్రలూ పట్టుకుని గదిగదికీ రౌండ్లు తిరిగింది. లేసు బుట్ట బల్ల మీదే ఉంది. ఒక్క కుట్టు పడలేదు. నేను మంచం మీద పడుకుని, కడుపులో తిప్పుతున్నది సముద్రమో సిగ్గో తేల్చుకోలేకపోయాను.

శుక్రవారం మధ్యాహ్నానికి నీళ్ళు నిమ్మళించాయి. మావాళ్ళు లేచారు. లేచిన వాళ్ళు ఊరుకుంటారా? పై అంతస్తులో టీ తాగే హాలు ఆక్రమించి అంత్యాక్షరి మొదలుపెట్టారు. గోదావరి జట్టు ఒకవైపు, మిగతా లోకమంతా ఇంకోవైపు. పదిహేడు గొంతులూ పదిహేడు శ్రుతుల్లో ఉన్నాయి. నేను మూలన తలపట్టుకుని కూర్చున్నాను. అప్పుడు రత్నక్క లేసు బుట్టతో లోపలికి వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది, అందరూ ఠక్కున నోరు మూశారు.

నేను దగ్గరికి వెళ్ళాను. "అక్కా, నన్ను క్షమించు. నీకు ప్రశాంతంగా ఉండాలని కాలేజీలన్నీ చూశాను గానీ, మనవాళ్ళను చూసుకోలేదు. నీ లేసు..."

ఆమె బుట్ట పక్కన పెట్టింది. "ఎందుకే అలా అయిపోతావు? ప్రశాంతంగా ఉండాలన్నది నిజమే. కానీ ఇంటికెళ్ళేక నాకు రోజూ దొరికేది అదే కదా. ఈ గోల నరసాపురంలో ఎక్కడ దొరుకుద్ది?"

అంటూనే ఆమె టీ పళ్ళెం బోర్లించి, చెంచాతో దరువు వేస్తూ, ఇరవై నాలుగేళ్ళు "సైలెన్స్" తప్ప ఇంకేమీ పలకని ఆ గొంతుతో పాట ఎత్తుకుంది. అబ్బ, ఏం గొంతండీ! ఓడ సైరన్ చిన్నబోయింది. జ్యోతి బల్ల మీద దరువు, చేచీ ఈల. నాక్కూడా పూనకం వచ్చి రైస్ కుక్కర్ మూత అందుకున్నాను.

ఆ ఊపులో తలుపు దగ్గర నిలబడ్డ ఓడ సిబ్బంది అమ్మాయిని మేం చూడలేదు. ఆమె వెనక, పోర్టులో కనబడిన ఆ ముగ్గురు ఆడపిల్లలు. చేతుల్లో లావుపాటి పుస్తకాలు. ముందున్న పిల్ల గొంతు సవరించుకుంది. హైదరాబాద్ వాళ్ళ పిల్ల, జెద్దాలోనే పుట్టి పెరిగింది.

"ఆంటీ, సారీ, మీరు ఎంజాయ్ చేస్తున్నరు గానీ... జర మెల్లగ పాడుతరా? వచ్చే వారం మాకు పరీక్షలు. ఎగ్జామ్ టైమ్ గదా, కాలేజీ వాళ్ళు ఎవ్వరు రారు, షిప్ అంత ప్రశాంతంగ ఉంటదని మా డాడీ వెతికి వెతికి ఈ డేట్ బుక్ చేసిండు."

మూత నా చేతిలోంచి జారి, నేల మీద గిరగిరా తిరిగి, చాలాసేపు మోగి ఆగింది. రాజన్న అబద్ధం చెప్పలేదు. పుస్తకాలు ముంగటేసుకుని కూసుంటరన్నాడు, కూర్చున్నారు. ఎక్కడ కూర్చుంటారో నేను అడగలేదంతే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికిందట వెనకటికి ఒకావిడ. ఎర్ర పెన్నుతో నేను వెతికిన రౌడీ మూక నా చంకలోనే ఉంది. దానికి నేనే నాయకురాలిని.

రత్నక్క లేచి నిలబడింది. "సైలెన్స్!" అంది. పందొమ్మిది మందిలో పద్దెనిమిది మందిమి నోటి మీద వేలు వేసుకున్నాం. పక్క బల్లల దగ్గర టీ తాగుతున్న ముక్కూమొహం తెలియని వాళ్ళు కూడా వేసుకున్నారు.

శనివారం ఓడ దిగుతుంటే ఆ పిల్ల తండ్రి నా దగ్గరికి వచ్చాడు. చాలా మర్యాదస్థుడు. జేబులోంచి చిన్న పుస్తకం, ఎర్ర పెన్ను తీశాడు.

"అమ్మా, మీ హాస్పిటల్‌ల సిస్టర్లకు సెలవులు ఎప్పుడెప్పుడు ఇస్తరో జర చెప్తరా? మల్ల బుక్ చేసేటప్పుడు చూసుకుంట."

రత్నక్క ఆ లేసు పూర్తి చెయ్యకుండానే ఊరికి వెళ్ళింది. వెళ్ళే రోజు బుట్ట నా చేతిలో పెట్టి, "మిగతాది నువ్వు అల్లుకో, ఎక్కడైనా ప్రశాంతంగా కూర్చుని" అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఎంతో, ప్రేమ ఎంతో ఇప్పటికీ లెక్క తేలలేదు.

అందుచేత, ఈ ఎర్ర సముద్రం సాక్షిగా, రైస్ కుక్కర్ మూత మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఓడ ఎక్కాల్సి వస్తే కాలేజీ సెలవుల జోలికి పోను, మా హాస్టల్ డ్యూటీ చార్టు చూస్తాను. మరీ ముఖ్యంగా, ప్రశాంతమైన వారం ఏదో తెలిసినా ప్రాణం పోయినా సరే ఎవరితోనూ అనను.

అన్నట్టు, లేసు ఇంకా జానెడు మిగిలే ఉంది. రంజాన్ తరవాత రెండో వారం ఓడ దాదాపు ఖాళీయేనట. మీకు మాత్రమే చెబుతున్నాను. ఎవరికీ చెప్పకండి.