కాలర్లక్క కూతురికి ల్యాప్‌టాప్

యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఒకరు చేతులు కుడితే, ఇంకొకరు జేబులు కుట్టేవారు. ఆమె వంతు ఎప్పుడూ కాలర్లే కాబట్టి కాలర్లక్క అయిపోయింది. గట్టిదనానికి లోపల బక్రం పెట్టి కుట్టిన కాలరును తిరగేసి, మూలలు మొనతేలేలా బయటికి లాగి, అంచుకుట్టు వేసి పక్కన పడేయడం, మళ్లీ ఇంకోటి అందుకోవడం. పొద్దుగూకేసరికి మెడ కొయ్యబారిపోయేది. "ఊళ్లో పిల్లలందరి మెడలూ నిలబెట్టి నా మెడ వంచుకున్నాను" అని తనే నవ్వేది.

ఆమెకు ఒక్కతే కూతురు. పొద్దస్తమానం గలగలా వాగుతుందని పిచ్చుక అని పిలిచేది. బడికెళ్లే వయసులోనే ఆ పిల్ల చూపు మసకబారడం మొదలై, ఏటికేడు తగ్గుతూ, చివరికి వెలుగూ నీడా మాత్రం మిగిలాయి. అప్పట్నుంచి తల్లికి ఇంటికొచ్చాక ఇంకో కొలువు. గొంతు తడారిపోయేదాకా పాఠాలు చదివి వినిపించేది. నోరు తిరగని మాట వస్తే కూడబలుక్కునేది. దానికి పిచ్చుక పకపకా నవ్వేది.

అంతకన్నా అలసట తెచ్చే పని మరొకటుంది. కూతురి బదులు జవాబులు చెప్పడం. డాక్టరు గానీ, టీచరు గానీ, బస్సులో పక్క సీటావిడ గానీ పిల్లను ఎదురుగా పెట్టుకుని తల్లినే అడిగేవారు. "అమ్మాయికి దాహమేస్తోందా?" "అమ్మాయి ఏం చదువుతోంది?" చెప్పీ చెప్పీ ఆమె ప్రాణం విసిగిపోయింది.

అలాంటి పిచ్చుకకు యూనివర్సిటీలో చరిత్ర చదవడానికి సీటొచ్చింది. ల్యాప్‌టాప్ లేనిదే అక్కడ పని జరగదన్నారు. కాలర్లక్క ఒక పూట సెలవు పెట్టి, షెడ్డు నుంచి తిన్నగా వచ్చి, కూతుర్ని వెంటబెట్టుకుని బజారుకు బయల్దేరింది.

మొదటి కొట్లో అమ్మే కుర్రాడు మాటకారి. ఒక ల్యాప్‌టాప్ తెరిచి తల్లివైపు తిప్పాడు.

"స్క్రీన్ చూడండి మేడమ్. ఇందులో వెంట్రుక పోగు కూడా లెక్కపెట్టొచ్చు. అమ్మాయిగారికి ఏ రంగిష్టం?"

"అయితే తీసుకో అమ్మా, నా తలలో పేలు చూడ్డానికి పనికొస్తుంది" అంది పిచ్చుక.

కుర్రాడికి నవ్వాలో వద్దో తెలియలేదు. కాలర్లక్క మామూలుగానే అంతా విడమరిచి చెప్పింది. అమ్మాయికి చూపు లేదనీ, వేళ్లతో తడిమి టైపు చేస్తుందనీ, తెరమీదున్నది యంత్రమే చదివి వినిపించాలనీ. అంతా విని అతను, "అయ్యో పాపం" అన్నాడు. పిచ్చుక తల్లి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది.

రెండో కొట్లో కాలర్లక్క మనసు ఒకదాని మీద పడింది. కాగితమంత పల్చన, అద్దంలా తళతళ. పిచ్చుక దాని మీద వేళ్లు పోనిచ్చింది. పైవరస దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

"ఇక్కడ మీటలేవమ్మా? నున్నగా ఉంది."

"అది టచ్ అండీ, వేలు ఆనిస్తే చాలు" అన్నాడు కొట్టతను, తల్లితో.

"ఆనించడానికి ఎక్కడుందో తెలియాలిగా" అని పిచ్చుక లేచింది.

వీధిలోకి వచ్చాక తల్లి ఉండబట్టలేకపోయింది. "నలుగురిలో కూర్చునేదానివి. చూడ్డానికి కాస్త బాగుండక్కర్లేదా?"

"ఎవరు చూడ్డానికమ్మా?"

కాలర్లక్కకు చురుక్కుమంది. ఎవరూ తన పిల్లను జాలిగా చూడకూడదనే కదా తన తాపత్రయం! కూతురి చెయ్యి పట్టుకుని తర్వాతి కొట్టువైపు నడిచింది.

మూడో కొట్టు మేడమీద. మెట్లెక్కేసరికి ఆమె కాళ్లు దుంగలైపోయాయి. కౌంటరు దగ్గర పిచ్చుకను నిలబెట్టి, "ఒక్క నిమిషం కూర్చుంటానే" అని గోడవార కుర్చీలో కూలబడింది. ఫ్యాను గాలి తగిలింది. అంతే, కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి ఎవరో ఆడమనిషి గబగబా ఏదో అప్పజెబుతోంది. ఉలిక్కిపడి చూసింది. ఆ మాటలు ల్యాప్‌టాప్‌లోంచి వస్తున్నాయి. పిచ్చుక ఏవో మీటలు కలిపి నొక్కి దానిచేత చదివిస్తోంది. కౌంటరు వెనక నెరిసిన జుట్టాయన దానివైపు వంగి, "ఇరవయ్యేళ్లుగా ఇవే అమ్ముతున్నాను, ఇది మాట్లాడుతుందని నాకిప్పుడే తెలిసింది తల్లీ! మరి అంత వేగంగా చదివితే అర్థమవుతుందా?" అంటున్నాడు.

"ఇంకా పెంచుతాను, వినండి."

మాటలు వడగళ్లలా రాలాయి. కాలర్లక్కకు ఒక్క ముక్కా అందలేదు. పిచ్చుక మాత్రం తలూపుతూ, విన్నదంతా ఆయనకు మళ్లీ చెప్పింది. తను ఒక సాయంత్రమంతా గొంతు చించుకుని చదివే పాఠం ఈ యంత్రం చిటికెలో చదివేస్తుందన్నమాట. హమ్మయ్య అనుకుంది కాలర్లక్క. ఆ వెంటనే, ఇక సాయంత్రాలు తన గొంతుతో పనిలేదనీ తోచింది.

లేచి దగ్గరికెళ్లింది. బూడిదరంగు, ఇటుకంత మందం. "ఇదేమిటే, బండరాయిలా ఉంది!"

"మీట మీటకీ మధ్య సందుందమ్మా. దేనికదే చేతికి తెలుస్తోంది. పైవరస కూడా."

"బరువు మాత్రం బరువేనండీ" అన్నాడు ఆయన దాచకుండా. తర్వాత అలవాటుగా తల్లివైపు తిరిగాడు. "ప్యాక్ చేసెయ్యమంటారా?"

కాలర్లక్క నోరు తెరిచింది. ఆ పల్చటిది ఇంకా కళ్లముందే మెరుస్తోంది. తెరిచిన నోరు మూసుకుని, "దాన్నే అడగండి" అంది.

"చేసెయ్యండి" అంది పిచ్చుక.

యూనివర్సిటీ తెరిచాక, మొదటి వారంలోనే పిచ్చుక భుజం వాచింది. అయినా సంచీ ఎవరికీ ఇవ్వనంది. కాలర్లక్క వేడినీళ్ల కాపడం పెడుతూ, "చెబితే విన్నావా?" అని సణిగింది. షెడ్డు నుంచి వచ్చాక చదివి వినిపించే పని తప్పింది గానీ, ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకున్న అలసట అంత తేలిగ్గా దిగలేదు. ఆ ఖాళీ సాయంత్రాల్లో మొదట ఏం చేయాలో తోచక తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. తర్వాత్తర్వాత చాప పరుచుకుని, దీపాలు పెట్టే వేళకే పడుకోవడం నేర్చుకుంది. గదిలో ఆ ల్యాప్‌టాప్ గొంతు తనకర్థం కాని వేగంతో చదువుతూ ఉంటే, వింటూ వింటూ నిద్రపోయేది.