రొట్టెల వ్యానులో వచ్చిన ఇంజను

కారు నేర్చుకునేవాళ్లు గేరు మార్చబోయిన ప్రతిసారీ పక్కసీట్లోంచి "క్లచ్, క్లచ్" అని అరిచి అరిచి, ఆవిడకు క్లచ్ అక్క అని పేరు పడిపోయింది. అసలు పేరు లైసెన్సు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. యాభై దాటిన మనిషి. పెళ్లయిన కొత్తలోనే మొగుడు తన దారి తాను చూసుకున్నాడు. పిల్లల్లేరు. కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మీద ఒక గది, కింద వీధిలో ఒక పాత కారు. ఆస్తి అన్నా, బతుకుదెరువు అన్నా ఆ కారే. అందులో పక్కసీట్లో ఆవిడ కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు అమర్చి ఉండేవి.

కారులో మనుషులు తెగ మాట్లాడతారు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కదా, కళ్లు రోడ్డు మీదుంటాయి, నోరు దానంతటది తెరుచుకుంటుంది. అత్తగారి సాధింపులు, పిల్లల పెళ్లి బెంగలు, ఆఫీసులో పై అధికారి చేసిన అవమానాలు, అన్నీ క్లచ్ అక్క చెవిన పడేవి. సగం ఊరి గుట్టు ఆవిడ దగ్గరుండేది. ఆవిడ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు, ఆవిడా చెప్పదు. సాయంత్రం గదికెళ్లి తాళం తీసేసరికి, పొద్దుట బోర్లించిన గిన్నె బోర్లించినట్టే ఉండేది.

ఒకరోజు వంతెన ఎక్కుతుండగా బండి లోపల టప్పుమని ఏదో తెగింది. అంతే, మళ్లీ ఊపిరి తీయలేదు. నేర్చుకుంటున్న అమ్మాయి తనవల్లే పాడైందనుకుని ఏడుపు లంకించుకుంది. క్లచ్ అక్క ఆ అమ్మాయిని ఊరుకోబెట్టి, ఆటో ఎక్కించి పంపి, తాళ్లు కట్టించి కారును మెకానిక్ షెడ్డుకు లాగించింది.

మెకానిక్‌ది ఆవిడతో ఇరవయ్యేళ్ల పరిచయం. బానెట్ కింద తల దూర్చి, చాలాసేపటికి బయటికి తీశాడు.

"టైమింగ్ బెల్టు తెగిందక్కా. తెగితే తెగింది, వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకున్నాయి. లోపలంతా వంకర్లు తిరిగిపోయింది."

"బాగవుతుందా?"

"కొత్త సామాన్లేసి బాగుచేస్తే అయ్యే ఖర్చుతో ఇలాంటి బండి ఇంకోటి వస్తుంది. ఇదే మోడలుది పాత ఇంజను ఎక్కడైనా వెతుక్కో. దొరికితే దీన్ని దించి దాన్ని ఎక్కించేస్తా. కానీ ఈ మోడలు ఆపేసి ఎన్నాళ్లయింది! దొరకడమంటే కష్టమే."

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసింది. దూరపు ఊళ్లో ఉంటాడు, పెళ్లాం పిల్లలు, ఉద్యోగం.

"అమ్మేయక్కా, తూకానికి ఎంతొస్తే అంత. ఈ వయసులో ఇంకా ఎందుకు? ఇంట్లో కూర్చో."

"ఇంట్లో కూర్చోడానికి ఇంట్లో ఎవరున్నార్రా?" అంది నవ్వుతూనే. తమ్ముడు కూడా నవ్వాడు.

కారు లేదని తెలియగానే శిష్యులు ఒక్కొక్కరే వేరే స్కూలుకు మారిపోయారు. వాళ్లదీ తప్పులేదు, ఎవరి తొందర వాళ్లది. రోజంతా మోగే ఫోను బల్ల మీద చల్లగా పడుంది. మూడోరోజుకల్లా ఆవిడకు ఒక సంగతి తెలిసొచ్చింది: పొద్దుటి నుంచి తను నోరు విప్పలేదు. చూద్దామని "ఊఁ" అంది. గొంతు బొంగురుగా, పరాయిగా వినిపించింది.

శిష్యుల్లో మానకుండా ఫోన్ చేసింది ఒక్క రొట్టెల మాస్టారే. ఊళ్లో పెద్ద బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసేవాడు. నలభై దాటాక స్టీరింగు పట్టిన మనిషి, అప్పటికే పరీక్ష రెండుసార్లు తప్పాడు. భయస్థుడు. బండి ఆగిపోతే "సారీ అమ్మా" అని బండికే చెప్పుకునేవాడు. లైసెన్సు తెచ్చుకుంటే పొరుగూళ్లో పెట్టబోయే కొత్త దుకాణం అతనికే అప్పగిస్తానని యజమాని మాటిచ్చాడట. పెళ్లాన్నీ ఇద్దరాడపిల్లల్నీ తీసుకుని అక్కడికి మారిపోవాలని అతని ఆశ.

"మేడమ్, సోమవారం మా బేకరీకి సెలవు. మా ఓనరు పాత వ్యాను నేర్చుకోడానికి ఇస్తానన్నారు. ఇంజను కోసం మీరెలాగూ తిరగాలి కదా? నేను నడుపుతాను, మీరు నేర్పండి. నాకు పాఠమూ అవుతుంది, మీకు పనీ అవుతుంది."

వ్యాను నిండా కాలిన రొట్టె వాసన. క్లచ్ అక్క కూర్చున్న వైపు క్లచ్చూ లేదు, బ్రేకూ లేదు, వట్టి రేకు. మొదటి సందు మలుపులో ఎదురుగా ఒక లారీ వచ్చేసరికి ఆవిడ కాలు ఆ రేకును అదిమిపట్టింది.

"మేడమ్, అక్కడేమీ లేదండి," అన్నాడతను, లారీ మీంచి చూపు తిప్పకుండా.

"ఉందనుకుంటే నాకు ధైర్యం. నువ్వు రోడ్డు చూడు."

లారీ దాటిపోయాక ఇద్దరూ పగలబడి నవ్వారు. అలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆవిడకు గుర్తులేదు.

పాత బండ్ల యార్డులన్నీ ఊరవతల. మొదటి చోట ఇంజను ఉంది కానీ పైభాగం ఎవరో విప్పుకుపోయారు. రెండోచోట నల్లగా నిగనిగలాడుతూ ఒకటి కనిపించింది. మెకానిక్ చెప్పి పంపినట్టు ఆయిల్ మూత విప్పి చూస్తే లోపల మీగడ కట్టినట్టు తెల్లగా ఉంది. ఆయిల్లో నీళ్లు కలిశాయన్నమాట.

"పైన పటారం లోన లొటారం," అంది మూత బిగిస్తూ.

యార్డువాడికి రోషమొచ్చింది. "ఆడవాళ్లకు ఇంజన్ల సంగతి ఏం తెలుసమ్మా?"

"తెలియకే కదా బాబూ, మూత విప్పి చూసుకుంటున్నా!"

ఇంకో సోమవారం, ఇంకో యార్డు. మోడలు అదేగానీ బిగింపులు వేరు. మరో చోట యజమాని పగలే నిద్రపోతున్నాడు, లేపితే కసిరాడు. ఇంజను దొరక్కపోయినా రొట్టెల మాస్టారికి గేర్లు మాత్రం దొరికాయి. ఎత్తుల మీద వెనక్కి జారడం మానేశాడు. తిరుగు దారిలో ఓ టీ కొట్టు దగ్గర ఆగేవారు. తను చేసిన బన్నులు గుడ్డలో చుట్టి తెచ్చేవాడు.

"మీకెవరు నేర్పారు మేడమ్, డ్రైవింగు?" అనడిగాడు ఒకసారి.

ఇన్నేళ్లలో ఆవిణ్ని ఆ ప్రశ్న అడిగిన శిష్యుడు లేడు. గ్లాసు పక్కన పెట్టింది.

"మా చిన్నమామయ్య. అంబులెన్సు నడిపేవాడు. రోగిని దింపేసి తిరిగొచ్చేటప్పుడు, ఖాళీ రోడ్డు మీద నా చేతికిచ్చేవాడు. మా అమ్మకు తెలిస్తే చంపేసేది."

మామయ్య ఎలా ఈలవేసేవాడో, మొదటిసారి తను ఒక పాల క్యాన్ల బండిని ఎలా గుద్దబోయిందో, మొగుడు వెళ్లిపోయిన నెలలోనే నగలమ్మి కారెందుకు కొన్నదో, అన్నీ చెప్పింది. టీ చల్లారిపోయింది. అతను మధ్యలో అడ్డు రాలేదు. ఆ తర్వాత నుంచి ఆదివారం రాత్రి వచ్చేసరికి ఆవిడకు నిద్ర సరిగా పట్టేది కాదు. తెల్లవారక ముందే లేచి, తల దువ్వుకుని, కిటికీ దగ్గర వ్యాను చప్పుడు కోసం చెవి ఒగ్గేది. తన మీద తనకే నవ్వొచ్చేది. ఇది ప్రేమా దోమా కాదు, ఒక మనిషి పక్కన కూర్చుని మాట్లాడుకోవడమే. అదే కరువైనవాళ్లకు అది విందు భోజనం.

చివరికి రైలు పట్టాల పక్కనున్న యార్డులో దొరికింది. వెనకనుంచి ఏదో గుద్దేయడంతో డిక్కీ వెనక సీటులోకి చొచ్చుకుపోయిన కారు. ముందు భాగానికి మాత్రం గీత పడలేదు. అదే మోడలు. ఆవిడ మూత విప్పి చూసింది, ఆయిల్ నల్లగానే ఉంది కానీ శుభ్రంగా ఉంది. యార్డు ముసలాయన బ్యాటరీ తెచ్చి తగిలించాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. ఆవిడ అరచెయ్యి ఇంజను మీద ఆనించి, కళ్లు మూసుకుని విన్నది. ఎక్కడా కొట్టుకోవడం లేదు. బేరం చాలాసేపు సాగింది. ముసలాయన ఎండ తగ్గేదాకా దిగిరాలేదు, దిగాక మాత్రం "తీసుకెళ్లమ్మా, నీ చెయ్యి మంచిది" అని తనే బోల్టులు విప్పించాడు.

ఇంజను రొట్టెల వ్యానులోనే ఊళ్లోకొచ్చింది. ట్రేల మధ్య గోనెసంచుల మీద పడుకోబెట్టి, కదలకుండా తాళ్లు కట్టారు. అంత బరువు వెనక ఉన్నా, రొట్టెల మాస్టారు ఒక్క కుదుపు లేకుండా నడిపాడు. ఆవిడ కాలు దారిపొడవునా రేకును తొక్కనే లేదు. షెడ్డు ముందు దిగాకే ఆవిడకు ఆ సంగతి తెలిసొచ్చింది.

అతనూ అప్పుడే అడిగాడు. "మేడమ్, నిజం చెప్పండి. ఈసారి పరీక్షకు వెళ్లనా? ఇంకో నెల ఆగమంటే ఆగుతాను. మీరెలా అంటే అలా."

ఇంకో నెల అంటే నాలుగు సోమవారాలు. ఇంజను వెతకాల్సిన పనిలేకపోయినా పాఠం పేరు మీద తిరగొచ్చు. రివర్సు ఇంకా కుదరలేదంటే అతను నమ్మేస్తాడు, ఆ భయస్థుడు దేన్నయినా నమ్ముతాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. షెడ్డులో మెకానిక్ గొలుసు లాగుతుంటే ఇంజను మెల్లగా గాల్లోకి లేస్తోంది. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడింది.

"వెళ్లు," అంది. "నువ్వు నేర్చుకోవాల్సింది ఇంకేం లేదు."

మొదటి ప్రయత్నంలోనే లైసెన్సు ఇచ్చేసినట్టు అందరికీ చెప్పుకున్నాడు కానీ, అది మూడోది. పరీక్ష పాసైన రోజు ఆవిడ గది మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు, చేతిలో అట్టపెట్టె నిండా బన్నులు.

"మీ రుణం తీర్చుకోలేను మేడమ్."

"ఇంజను మోసుకొచ్చావు కదయ్యా, చెల్లుకు చెల్లు. లోపలికి రా, టీ పెడతాను."

"అయ్యో, సామాన్లు సర్దుతున్నామండి, ఎల్లుండే ప్రయాణం. మళ్లీ వస్తాను, తప్పకుండా."

మళ్లీ వచ్చాడు కూడా, మాట తప్పే మనిషి కాదు. వాన ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం వ్యాను వచ్చి వీధిలో ఆగింది. పక్కన భార్య, వెనక ఆడపిల్లలు. "మేడమ్ అని చెబుతుంటానే, ఈవిడే," అన్నాడు గర్వంగా. భార్య వ్యానులోంచే నమస్కారం పెట్టింది. పెళ్లికెళుతున్నారట, ముహూర్తం వేళకు అందుకోవాలట. స్టీరింగు మీద అతనిది ఒక్క చెయ్యే ఉంది. ఆవిడ అది చూసింది. వ్యాను వెళ్లిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు కానీ, ఆవిడ శిష్యులు అంతటివాళ్లు కారు. తెప్పను ఒడ్డున జాగ్రత్తగా వదిలి, వెనక్కి చెయ్యూపి మరీ పోతారు.

కొత్త ఇంజనుతో కారు బాగానే నడుస్తోంది. శబ్దం మాత్రం మారింది, మునుపటికంటే సన్నగా ఉంటుంది. పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. పొద్దుట ఒక బ్యాంకు గుమాస్తా, సాయంత్రం ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. వాళ్ల కబుర్లు వాళ్లు చెబుతారు, ఆవిడ వింటుంది.

"ఊళ్లోనే తిప్పకుండా ఒకసారి దూరం పోనీ అక్కా, ఇంజను కుదురుకుంటుంది," అన్నాడు మెకానిక్. ఒక సోమవారం పాఠాలేవీ పెట్టుకోకుండా బయల్దేరింది. చాలాకాలానికి డ్రైవరు సీట్లో కూర్చుంది. పెద్ద రోడ్డెక్కి, ఊళ్లు దాటి, నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఆగింది. ఎటెళ్లినా ఒకటే. వెనక ఎవరో హారన్ కొడితే పక్కకు తీసి ఆపింది. కాసేపు స్టీరింగు మీద చేతులుంచి కూర్చుని, తమ్ముడికి ఫోన్ కలిపింది.

"ఏమైందక్కా?" అన్నాడు కంగారుగా. పగటిపూట ఆవిడ ఫోన్ చేయడం అలవాటు లేదు.

"ఏం లేదురా. బండి బాగా నడుస్తోంది. చెబుదామని."

"మంచిది. ఇంకేంటి?"

రోడ్డు పక్క పొలంలో ఎవరో ఒంటరిగా మోటారు పైపు మారుస్తున్నారు.

"అంతే," అంది. ఫోను పక్కన పెట్టి, అద్దంలో వెనక రోడ్డు చూసుకుని, బండిని ఇంటివైపు తిప్పింది.