చిన్నవెంకటప్ప అడిగిన చెంబెడు నీళ్లు

చిన్నవెంకటప్పగారిది బేతమంగళ పక్కన మా ఊరే. మూడుసార్లు ఎమ్మెల్యేగా నిలబడి ఒక్కసారి గెలిచారు. మొదటిసారి డిపాజిట్ కూడా దక్కలేదు. రెండోసారి మూడొందల పన్నెండు ఓట్లతో గట్టెక్కారు. మూడోసారి మళ్లీ ఓటమే. ఓట్లకు వెళ్తే ఆయనది ఒకటే పద్ధతి. గడప ముందు నిలబడి చెంబెడు నీళ్లు అడగడం, అవి తాగాకే ఓటు మాట ఎత్తడం. నీళ్లిచ్చిన చెయ్యి ఓటు లేదనదని ఆయన నమ్మకం.

గెలిచిన ఏడాదే మా వీధి చివర వెయ్యి అడుగుల బోరు వేయించారు. దాని దిమ్మ మీద ఆయన పేరుంది. డెబ్బై ఒకటో ఏట మళ్లీ నిలబడాలనుకుంటే, చూపించుకోవడానికి ఆ బోరే మిగిలింది.

మా పాప వర్షకు కొత్తగా వచ్చిన పళ్ల మీద తెల్ల చారలు కనిపించాయి. కెమిస్ట్రీ చదివినదాన్ని, మేం తాగే ఆ బోరు నీళ్లు పరీక్షకు పంపాను. ఫ్లోరైడ్ ఉండాల్సినదానికి రెండింతలుంది. కాగితం తీసుకెళ్లి ఆయనకు చూపించాను.

"కాచి తాగితే పోదా అమ్మా?"

"పోదప్పా, కాచేకొద్దీ చిక్కబడుతుంది." పాప పుట్టినప్పటి నుంచి కాచి పోసింది నేనే.

"ఎలెక్షన్‌కు ఇంగ పది నెలలే ఉండాది. అంతవరకూ దీన్ని దాచిపెట్టు."

"అంతవరకూ పాప ఏం తాగాలప్పా?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని వీధిలోకి వచ్చారు. మొదటి ఇల్లు హనుమక్కది.

"అప్పుడే ఓట్లకు బయల్దేరినావా అప్పా?"

"చెంబు నీళ్లియ్యి."

ఇచ్చింది. ఆయన వాటిని కాసేపు చూసి కనకాంబరం చెట్టుకు పోశారు.

"ఏమప్పా, నీ బోరు నీళ్లు నీకే చేదైనాయా?"

"పిల్లోళ్ల పళ్లు, ఎముకలు పాడైతాయంట. గిన్నెలు కడుక్కో, తాగొద్దు."

"ఈ మాట చెప్పి ఓటడిగితే ఎవురేస్తారు?"

"ఓటు మాట నేను యాడ ఎత్తినాను?"

అలా ముప్పై నాలుగు ఇళ్లూ తిరిగారు. చివర మాది. బేతమంగళ నుంచి తెచ్చిన క్యాను నీళ్లిచ్చాను. ఎక్కడివని అడిగి, చెంబు ఖాళీ చేశారు. ఇక ఓటు మాట ఎత్తుతారనుకున్నాను.

"ఈ క్యాన్లు మన వీధికి రావాలంటే ఎవుర్ని చూడల్ల అమ్మా?" అన్నారు.