తువ్వాలు కుచ్చులో వెంట్రుక

మోగా పాత మండీ వీధిలో రుల్దూ రామ్ క్షవరం చేయని తల లేదంటే అబద్ధమే. ఆ వీధిలో సగం తలలు సిక్కులవి, మత నియమం కొద్దీ కత్తెర ఎరగనివి. గుర్మేజ్ సింగ్ తన ఇంటి ముందుగది ఇచ్చి దుకాణం పెట్టించినా, రుల్దూ ఇన్నేళ్లలో గురుద్వారా గడప తొక్కలేదు. వెంట్రుకలు కోసి బతికేవాణ్ని, ఏ మొహం పెట్టుకుని పోతాననేవాడు. ఎవరూ వద్దనలేదు. భయమంతా అతని సొంత సరుకు.

ఇప్పుడు తప్పలేదు. గుర్మేజ్ భార్య నసీబ్ కౌర్ పోయింది. ఆమె పేరిట గురుద్వారాలో ఆఖరి ప్రార్థన, భోజనాలు.

"ఆమె చేతి రొట్టె తిన్నావు. ఈసారీ రాకపోతే మనకిక మాటల్లేవు" అన్నాడు గుర్మేజ్.

నెల కిందట, గుర్మేజ్ పొలానికి పోయిన వేళ, కొడుకు సుఖ్‌మన్ దుకాణంలోకొచ్చి "చాచా, ఈ జుట్టు తీసెయ్" అని కూర్చున్నాడు. రుల్దూ బతిమాలాడు, తిట్టాడు. "నువ్వు కాకపోతే ఇంకొకడు" అన్నాడు వాడు. చివరికి కత్తెర ఆడింది. గుర్మేజ్ కొడుకుని ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. కత్తెర వేసినవాడెవడో తెలిస్తే వాడి మొహం జన్మలో చూడనన్నాడు. ఆ మాట రుల్దూ పక్కన కూర్చుని, చాయ్ తాగుతూ అన్నాడు. ఆ దిగులుతోనే నసీబ్ కౌర్ మంచం పట్టిందని వీధిలో ఒకరిద్దరన్నారు. అప్పట్నుంచి రుల్దూకి కంటిమీద కునుకు లేదు.

గురుద్వారా వాకిట్లో, చెప్పులు విడిచే చోట, తలకు గుడ్డ కట్టుకుని సుఖ్‌మన్ కూర్చున్నాడు.

"లోపలికి రావేంట్రా?"

"బాపూ ఎదుటికా? ఇక్కడే చెప్పులు తుడుస్తా. నీ పేరు బయటపెట్టలేదులే చాచా, పో."

పక్కన గంపలో, లోపలికి పోయేవాళ్లు తలకు కట్టుకునే గుడ్డలున్నాయి, పదిమంది కట్టి విప్పినవి. తామర ఎలా అంటుకుంటుందో మంగలికి ఒకరు చెప్పాలా? రుల్దూ భుజం మీది తువ్వాలే తలకు చుట్టాడు. ఉతికినదే, కాకపోతే దుకాణంలోది.

లోపల గ్రంథ్ సాహిబ్ ముందు నుదురు ఆనించి లేచేసరికి, తెల్ల దుప్పటి మీద మూరెడు వెంట్రుక. తువ్వాలు కుచ్చులో చిక్కుకున్నది జారింది. అతని దుకాణానికి అంత జుట్టుతో వచ్చినవాడు ఒక్కడే. పక్కనే కూర్చున్న గుర్మేజ్ దాన్ని తీసి, రుల్దూ తువ్వాలు కేసి చూసి, వేలికి చుట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది. ప్రార్థనలో ఒక్క ముక్క రుల్దూ చెవికెక్కలేదు.

భోజనాల వరసలో గుర్మేజే రొట్టెలు పంచుతూ వచ్చాడు. రుల్దూ ఒక చెయ్యి చాపాడు.

"రెండు చేతులూ పట్టాలి" అన్నాడు గుర్మేజ్. రొట్టె మాత్రం వెయ్యలేదు. "మిగతా జుట్టు ఏం చేశావు?"

"దాచాను సర్దార్జీ. బీబీ బతికున్నప్పుడు నూనె పెట్టి దువ్విన జుట్టు. చెత్తలో వెయ్యడానికి చేతులు రాలేదు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"భయమేసింది. ఇప్పుడూ వేస్తోంది. పొమ్మంటే పోతాను."

"పో. లేచి బయటికి పో."

చాపిన చేతులు వాలిపోయాయి. రుల్దూ లేచి నిలబడ్డాడు.

"చెప్పుల దగ్గర ఒకడు కూర్చున్నాడు. ఇది వాడి తల్లి పేరిట అన్నం" అన్నాడు గుర్మేజ్. "నేను పిలిస్తే రాడు. నువ్వు తీసుకొచ్చి నీ పక్కన కూర్చోబెట్టు. అందాకా ఈ రొట్టెలు పట్టుకుని ఇక్కడే నిలబడతాను."