గుంజి చూసే వదిన

తాండూరులో ఉండే మా వదినకు ఏ బట్ట కనబడినా రెండు చేతులతో గుంజి చూసే అలవాటు. పెళ్లిలో పక్కావిడ కొంగునైనా, మనం తొడుక్కున్న చొక్కా అంచునైనా వదిలేది కాదు.

ఒకసారి వాళ్లింట్లో నేను మరిచి వచ్చిన ప్యాంటును, నన్ను అడగకుండానే కత్తిరించి సంచి కుట్టింది. మళ్లీ వెళ్లినప్పుడు అందులో కందిపప్పు పోసి నా చేతికిచ్చింది. ఆమె కోసం నేను కొనుక్కెళ్లిన జనపనార సంచి పక్కనే ఉంది.

“ఇది నా ప్యాంటు కదా వదినా!” అన్నాను.

“అయితే ఏంది మరిదీ? నువ్వు తెచ్చిన జనపనార తడిస్తే మురుగుతది. దుకాణంల ఇచ్చే పల్చటి సంచి ఎండకు పొడిపొడి అయితది. నీ ప్యాంటు నీ లెక్కనే మొండిది, ఎంత గుంజినా సాగదు!”

ఇల్లంతా నవ్వింది. అడగకుండా తీసుకోవడం తప్పని ఒప్పుకోమని, ఆమె బతికున్నన్నాళ్లూ అడుగుతూనే వచ్చాను. జవాబుగా ఆ సంచిని గుంజి చూపించి నవ్వేది.

ఇప్పటికీ వికారాబాద్ మార్కెట్‌కు ఆ సంచితోనే వెళ్తాను. జేబును వదిన విప్పకుండా ఉంచింది కాబట్టి ఇంటి తాళంచెవి అందులోనే వేసుకుంటాను. బయలుదేరే ముందు ఒకసారి గుంజి చూస్తాను. ఇంకా సాగలేదు. నేనూ అంతే, ఆ తప్పును ఇంకా మాఫీ చేయలేదు.