ఏడో మెట్టు మీది అర్జునుడు

నలభై తొమ్మిదేళ్ల కిందట చిత్తూరు దగ్గర ఒక పల్లెలో, భారతం ఉత్సవాల్లో, నేను అర్జునుడి వేషం కట్టి అరవై అడుగుల తపస్సు మాను ఎక్కాను. ఈ వాక్యంలో కొంత నిజం ఉంది. ఎంత ఉందో తర్వాత చెప్తాను. ముందు దీన్ని ఎక్కడ వాగి ఇరుక్కున్నానో చెప్పాలి.

తిరుపతిలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున పూట నాటకం నేర్పిస్తారు. ఏ వయసువాళ్లయినా రావచ్చు. నేను చేరేనాటికి వందమంది ఉన్నారు. సరే, వంద కాదు, పద్నాలుగు మంది. అందులో ఒకడు హాలు వాచ్‌మన్, తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది కాబట్టి ఉండక తప్పదు. నన్ను అక్కడికి తోలింది నా భార్య.

"ఆ కథలన్నీ నాకే ఏంటికి సెప్తావు? ఆడికి పోయి సెప్పు. వాళ్లకి కొత్త" అంది.

నేర్పించే అమ్మాయికి ముప్పై కూడా నిండలేదు. ఆమె పద్ధతి ఒకటే. పెద్దవాళ్లు తమకు జరిగిన సంగతి ఏదైనా చెప్పాలి, చిన్నవాళ్లు దాన్ని ఆడాలి. ఆడుతున్నంతసేపూ చెప్పినవాళ్లు నోరు మూసుకుని కింద కూర్చోవాలి. ఈ ఆఖరిది నాకు చాలా కష్టం.

నా వంతు వచ్చేసరికి నాకు ముందున్న రిటైర్డు టీచరమ్మ తన మొదటి బడి గురించి చెప్పి అందరినీ ఏడిపించేసింది. నేను ముప్పై ఏళ్లు తిరుమల ఘాట్‌రోడ్డు బస్సులో కండక్టరుగా చేశాను. టిక్కెట్లు చించిన కథ ఎవరు ఆడతారు? అందుకని మాను ఎక్కేశాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా వైపు భారతం జరిపే ఊళ్లలో ఒక మధ్యాహ్నం అర్జునుడి తపస్సు ఉంటుంది. ఊరి బయట పొడవాటి మాను నాటి, దానికి అడ్డంగా మెట్లు కొడతారు. అర్జునుడి వేషగాడు ఉపవాసముండి, చేతికి కంకణం కట్టుకుని, పద్యానికో మెట్టు ఎక్కి, కొసన కూర్చుని శివుణ్ణి పిలుస్తాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడి చీరలతో మాను చుట్టూ బోర్లా పడుకుని ఉంటారు. పైనుంచి ఆయన నిమ్మకాయలు విసురుతాడు. కాయ ఎవరి మీద పడితే వాళ్లకు కడుపు పండుతుందని నమ్మకం.

నేను బాగానే చెప్పాను. ఏడో మెట్టు దాకా ఎక్కి, ఏదో తోచి కిందికి దిగి, మాను చుట్టూ తెర కట్టించి, రహస్యంగా ఒక పూజ చేసి మళ్లీ ఎక్కానన్నాను. పూజ అప్పటికప్పుడు పుట్టించింది. తెర మాత్రం నిజం. కూరలో ఉప్పు వేసినట్టు అబద్ధంలో రవ్వంత నిజం వేయడం నాకు అలవాటు. ఈసారి ఆ ఉప్పే నా కొంప ముంచింది.

మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఒకామె కూడా ఆ హాలుకు వస్తుంది. నలభై ఎనిమిదేళ్లు ఉంటాయి. లేచి నిలబడి ఊరి పేరు రెండుసార్లు అడిగింది.

"నిజంగా తెర కట్టినారా?"

"కట్టినారమ్మా. పచ్చ దుప్పటి."

"మాయమ్మ సెప్తా ఉండె! 'ఆ యేడు అర్జునుడు మాను సుట్టూ తెర కట్టించుకున్నాడు. తెర తీసినాక ఏసిన మొదటి కాయ నా ఈపున పడింది. మళ్లా యేటికి నువ్వు పుట్టినావు' అని. సచ్చిపోయేదాకా సెప్తానే ఉండె."

వంగి నా కాళ్లకు దండం పెట్టింది. ఆ క్షణం నుంచి నన్ను నాయనా అని పిలవడం మొదలుపెట్టింది. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే మీసం కూడా దువ్వుకున్నాను.

నా వేషం తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లకు ఇచ్చారు. మానుకు బదులు సున్నం కొట్టేవాళ్ల నిచ్చెన తెచ్చారు. ఆ పిల్ల నాలుగు మెట్లు ఎక్కి, నిచ్చెనను కరుచుకుని, కళ్లు మూసుకుంది.

"తాతా, పైనుంచి సూస్తే ఏం కనపడింది నీకు?"

"కాణిపాకం గోపురం కనపడింది పాపా."

"మరి ఏడో మెట్టు కాడ ఏంటికి దిగినావు?"

"పూజకి."

"ముందే చేసుకోని ఎక్కచ్చు కదా?"

ఈ కాలం పిల్లలతో ఇదే తంటా. దగ్గొచ్చినట్టు దగ్గాను.

నాటకం శనివారం సాయంత్రం అని ఖాయమయ్యాక, దానికి ముందు ఆదివారం, కుట్టుపని ఆవిడ తన కూతుర్ని తీసుకొచ్చింది. పెళ్లయి నాలుగేళ్లు. ఇంకా పిల్లలు లేరు. వేలూరులో ఒక ఆసుపత్రికి తిరుగుతోందట. ఒక ప్లాస్టిక్ కవర్లో ఫైలు ఎదకు ఆనించుకుని నిలబడింది.

"నాయనా, నిచ్చెన మీద నుంచి ఏసే కాయని ముందు మీరు చేత్తో తాకి ఇయ్యండి. మా బిడ్డ ఒళ్లో పడితే సాలు. శనివారం ఆసుపత్రికి పోవాల్సింది, వద్దనేసినాను. అర్జునుడే ఈడ ఉంటే వేలూరు ఏంటికి?" అని తల్లి అవతలికి వెళ్లింది.

కూతురు గొంతు తగ్గించింది. "ఈ శనివారం తప్పితే మందులన్నీ మళ్లా మొదట్నించీ అనింది డాక్టరమ్మ. మాయమ్మ నా మాట వినదు. మీరు పోనీ అంటే పోనిస్తాది. ఏమంటారు పెద్దాయనా?"

నాకేమీ తోచలేదు. తోచనప్పుడు నోట్లోంచి పెద్దమాటలు వస్తాయి. "అంతా ఆ స్వామి సూసుకుంటాడమ్మా" అన్నాను. ఆ పిల్ల తల ఊపి, ఫైలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి నా భార్య పితికిపప్పు కోసం నానిన అనపగింజలు పితుకుతోంది. నేనూ పక్కన కూర్చుని పితుకుతూ, యాభై ఏళ్ల కాపురంలో మొదటిసారి ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను.

నేను అర్జునుడినే. ఉపవాసమున్నది నేనే, కంకణం నా చేతికే. ఎక్కుతూ ఎక్కుతూ ఒకసారి కిందికి చూశాను. తడి చీరల వీపులు వరసగా, ఎండకు మెరుస్తూ, నాకోసం ఎదురుచూస్తున్నాయి. అంతే, కాళ్లు నావి కాకుండా పోయాయి. ఎట్లా దిగానో తెలియదు. మా వేషగాళ్ల జట్టు పెద్ద, యాభై దాటినవాడు, ఆ పొద్దు ద్రౌపది వేషంలో ఉన్నాడు. 'తెర పట్టండిరా' అని అరిచి, నా కిరీటం, భుజకీర్తులు ఊడబెరికి తాను పెట్టుకుని, చీర గోచీ పోసి, నిమ్మకాయల సంచి భుజాన వేసుకుని ఎక్కేశాడు. మొహాలకు మా ఇద్దరికీ ఒకటే పచ్చరంగు. ఆడవాళ్లా బోర్లా పడుకున్నారు, మగవాళ్లా దూరంగా ఉన్నారు. ఎవరికీ తెలియలేదు. నేను తెర చాటున ద్రౌపది సవరం చేత్తో పట్టుకుని కూర్చున్నాను. బయటికి పొక్కితే ఊరికి అరిష్టమంటారని అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది.

నా భార్య పితకడం ఆపింది. "అదా సంగతి! ముప్పై ఏండ్లు కొండ బస్సులో తిరిగినావు, ఒకనాడన్నా కిటికీ బయటికి సూసినావా? మలుపొస్తే కండ్లు మూసుకుంటా ఉంటివి. నేను భక్తి అనుకుంటి."

మళ్లీ ఒక గింజ పితికి, "ఇంకా ఏంటికి కూసున్నావు? పోయి ఆ బిడ్డకి సెప్పు" అంది.

వెళ్లాను. తల్లీకూతుళ్లిద్దరూ చెరో మిషను దగ్గర ఉన్నారు. నిలబడే చెప్పేశాను. తల్లి మిషను ఆగింది.

"అయితే మీరు ఎక్కలేదా?"

"ఏడు మెట్లు ఎక్కినానమ్మా."

"ఏడా?"

ఆమె కళ్లు చూసి అబద్ధం నిలవలేదు. "ఆరు. ఏడో దాని మీద చెయ్యి పెట్టినా."

"ఆయప్పన్నా ఉపవాసం ఉన్నాడా?"

"ద్రౌపదికి ఉపవాసం లేదు తల్లీ. ఆ పొద్దు సంగటీ కోడికూరా తిన్నాడు. నేను సూస్తానే ఉండా. నాకు ఆకలి."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఉపవాసం మీది. ఎక్కింది ఆయప్ప. పైన అర్జునుడి కిరీటం, లోపల ద్రౌపది చీర. మరి నేనెవరి వరం నాయనా?"

నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఎన్ని విధాల తిప్పి చూసినా ఒక కొస దొరికితే ఇంకో కొస జారిపోతుంది. ఇంత జరిగాక కూడా నాయనా అనే ఎందుకు పిలిచిందో అదీ తెలియదు.

"అమ్మా, మరి శనివారం?" అంది కూతురు.

తల్లి ఒక లంగా అంచు మొత్తం కుట్టింది. దారం కొరికి, "పొద్దున్నే బస్సుకి పో. మీ ఆయన్ని తోడు పిలుసుకోని పో. నేను నాటకంలో ఉండాల" అంది.

హాల్లో కూడా నిజం చెప్పాను. నేర్పించే అమ్మాయి కోప్పడుతుందనుకుంటే చప్పట్లు కొట్టింది, ఎందుకో. నా వేషం పిల్ల మాత్రం, "అంటే నేను దిగేయచ్చా?" అని గంతులేసింది. మిగతా మెట్లు ఎవరు ఎక్కాలన్న ప్రశ్న వచ్చింది. కుట్టుపని ఆవిడ చెయ్యెత్తింది. ఆడమనిషి మగవాడిగా, ఆ మగవాడు ద్రౌపదిగా, ఆ ద్రౌపది మీద అర్జునుడి కిరీటం. ఆమెను అమ్మా అనాలో అప్పా అనాలో వాచ్‌మన్‌కు ఆఖరిదాకా అర్థం కాలేదు. నాకూ కాలేదు.

శనివారం హాలు కిటకిటలాడింది. అంటే ముప్పై కుర్చీలు, ఇరవైకి పైగా నిండాయి. పిల్ల ఆరు మెట్లు ఎక్కి, ఏడో దాని మీద చెయ్యి పెట్టి, నా వైపు చూసి, వణుకుతూ దిగింది. అది నటనో నిజమో నేను చెప్పలేను. నోరు మూసుకుని కూర్చోవడం ఆ రోజు కష్టం కాలేదు. తెర లేచింది. కుట్టుపని ఆవిడ కిరీటం సర్దుకుంటూ ఎక్కింది. పైన నిలబడి కూతురి కోసం వెతికినట్టు కుర్చీలన్నీ చూసింది. కూతురు వేలూరులో ఉంది. కళ్లు మూసుకుని కాయ విసిరింది.

అది తిన్నగా వచ్చి నా ఒళ్లో పడింది.

"తాతా, తీపి కబురు ఎప్పుడు?" అని వాచ్‌మన్ అరిచాడు. ఇంటికొచ్చి కాయ చూపిస్తే నా భార్య, "ఈ వయసులోనా?" అని లాక్కుని నిమ్మకాయల బుట్టలో పడేసింది.

మరుసటి పొద్దున నేను స్నానం చేసి వచ్చేలోపల వాకిట్లో కుట్టుపని ఆవిడ.

"నాయనా, నిన్నటి కాయ యాడుండాది? మందులు ఎట్లాగూ మొదలుపెట్టినారు, కాయ కూడా పక్కన ఉంటే ఏం పోతాది? బిడ్డ మధ్యాన్నానికి బస్సు దిగుతాది."

వంటింట్లోకి చూశాను. బుట్టలో ఇంకా మూడు కాయలు ఉన్నాయి. నిన్నటిది మాత్రం పొయ్యి పక్కన రెండు చెక్కలుగా, రసం పిండేసి పడి ఉంది. గిన్నెలో చిత్రాన్నం పొగలు కక్కుతోంది. ఆ మూడింటిలో ఏది తీసి ఇచ్చినా ఆమెకు తెలియదు. నా చెయ్యి బుట్ట దాకా పోయింది కూడా. వెనక్కి తీసుకున్నాను.

"చిత్రాన్నంలోకి పోయింది తల్లీ."

ఆమె పొయ్యి వైపు చూసింది, నా వైపు చూసింది. నవ్వుతుందో తిడుతుందో అంతుపట్టలేదు.

"మిగిలుండాదా?"

"ఉండాది. ఇంకా ఎవురూ తినలేదు."

"అయితే డబ్బాలో పెట్టియ్యండి. బిడ్డ ఆకలితో దిగుతాది."

నా భార్య గిన్నె మొత్తం డబ్బాలోకి వంచేసింది. ఆవిడ దాన్ని చీర కొంగులో పట్టుకుని బస్టాండు వైపు వెళ్లింది. నాకు ఒక్క మెతుకు మిగల్లేదు. ఈసారి కూడా ఉపవాసం నాదే. ఉపవాసమంటే, పది గంటలకు రెండు దోసెలు తిన్నాను.