వంతుల బండి, దాని ఆయిల్ దాహం

మొన్న నరసరావుపేటలో రైలు గేటు పడి మా ఆటో ఆగిపోయింది. మా ముందు ఒక పాత మోటారు సైకిల్, దాని మీద ఒక పెద్దాయన, వెనక సీటులో ఆయన భార్య కాబోలు, ఒళ్ళో కూరగాయల సంచి. గేటు పడ్డా ఆయన ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదోనన్న బెంగ ఆయన వీపు చూస్తేనే తెలుస్తోంది. సైలెన్సర్లోంచి నీలం పొగ వచ్చి తిన్నగా మా ఆటోలోకి దూరుతోంది. ఆటో అతను ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, "రింగులు పోయినయ్ మేడం, ఆయిల్ తాగుతంది. ఇంజను దించాల్సిందే" అని తేల్చేశాడు. నాకేమో కిందకి దిగి వెళ్ళి, "అయ్యా, మీరు ఆయిల్ చూసేటప్పుడు బండి ఎక్కడ నిలబెడతారు?" అని అడగాలనిపించింది. ఈలోగా గేటు లేచింది, పొగతో సహా ఆయన వెళ్ళిపోయాడు. అడిగి ఉంటే నాకు మతి చలించిందని అనుకునేవాడేమో. కానీ ఆ ప్రశ్న నాకు ఊరికే రాలేదు, దాని వెనక మా పుట్టింటి భాగోతం ఒకటి ఉంది.

మా పుట్టిల్లు దుర్గి దగ్గర ఒక పల్లె. అన్నయ్య తర్వాత నేను, నా తర్వాత తమ్ముడు. నాన్న పోయాక ఏడాది తిరక్కుండానే పంపకాలు పెట్టుకున్నారు. పొలం పంచుకున్నారు, ఇంటి మధ్య గోడ కట్టుకున్నారు. రోలు ఒకరు, తిరగలి ఒకరు తీసుకున్నారు, రెండూ వాడేవాళ్ళు లేకపోయినా సరే. చివరికి నాన్న మోటారు సైకిల్ దగ్గర పీటముడి పడింది. అది పాత బండే. కొత్త బండి కొనుక్కునే శక్తి ఇద్దరికీ ఉంది. కానీ నాన్న కూర్చున్న సీటు ఎదుటివాడికి వదలడానికి ఇద్దరికీ మనసు రాలేదు. చిన్నప్పుడు ఆయన ముందు పెట్రోలు టాంకు మీద కూర్చున్నవాడు అన్నయ్య, ఆ చోటు కోసం అన్నయ్యని గిల్లి ఏడిపించినవాడు తమ్ముడు. ఆ తగువే నలభై దాటాక కూడా నడుస్తోందని నాకు అర్థమైంది, పంపకాలకి కూర్చున్న పెద్దమనుషులకి అర్థం కాలేదు. వాళ్ళలో ఒక ముసలాయన విసుగెత్తి, "బాయి మోటరుకి వంతులేసుకునేటోళ్ళు బండికి ఏసుకోలేరంట్రా?" అన్నాడు. మా వైపు ఉమ్మడి బావుల దగ్గర ఇన్నాళ్ళు ఒకరి పొలానికి, ఇన్నాళ్ళు ఇంకొకరి పొలానికి నీళ్ళు పెట్టుకోవడం ఉన్నదే. ఆ పద్ధతే బండికి వర్తింపజేశారు. ఒక వారం అన్నయ్యది, ఒక వారం తమ్ముడిది.

పెట్రోలు ఎవరిది వారే పోయించుకుంటారు గనక దాంతో పేచీ లేదు. ఇంజనాయిల్ సంగతేమిటని ఎవరో అడిగారు, అడిగినవాడికి పుణ్యముంటుంది. దానికీ ఒక కట్టుబాటు చేశారు. ఆదివారం పొద్దున ఇచ్చేవాడు బండి తెచ్చి ఉమ్మడి దారిలో నిలబెట్టాలి, తీసుకునేవాడు ఇంజనుకుండే కొలత పుల్ల తీసి ఆయిల్ చూసుకోవాలి, దాని మీది గీత కంటే కిందకి ఉంటే ఇచ్చినవాడే పోయాలి. గోడ కట్టగా మిగిలిన ఆ ఉమ్మడి దారి వీధి గేటు నుంచి లోపలికి ఉంటుంది, రెండు ఇళ్ళ గుమ్మాలూ దానిలోకే తెరుచుకుంటాయి. పంపకాలప్పుడే దానికి కొత్తగా నాపరాళ్ళు వేయించారు.

ఆ ఆదివారపు తంతు నేను చాలాసార్లు చూశాను. బాంకులో లాకరు తెరిచినట్టు ఉండేది. ఒకరు బండి డబుల్ స్టాండు వేసి చేతులు కట్టుకుని నిలబడేవారు. రెండోవారు పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి, తీసి, ఎండకి ఎత్తి చూసేవారు. ఇద్దరి మధ్యా మాటల్లేవు గనక చూసినవారు ఆ పుల్లని ఎదుటివారి మొహం ముందు పెట్టేవారు. ఎప్పుడు చూసినా గీత కంటే కిందే. ఇచ్చినవారు పళ్ళు కొరుక్కుంటూ లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి పోసేవారు. బండి కూడా రోడ్డెక్కగానే నీలం పొగ వదిలేది. నాన్న ఉన్నన్నాళ్ళూ చుక్క ఆయిల్ తాగని బండికి ఆయన పోగానే ఇంత దాహం ఎందుకు పుట్టిందో ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడమేం, ఇద్దరికీ తెలుసు, చెరొక రకంగా.

అన్నయ్య వాదన ప్రకారం దోషం తమ్ముడిది. వాడు నాపరాయి క్వారీలో సూపర్‌వైజరు. "ఆ రాతి దుమ్ములో తిప్పుతాడే. దుమ్మంతా ఇంజన్లోకి పోయి రింగులు అరిగినయ్. నాయన ప్రాణం పెట్టి చూసుకున్న బండి" అని నాతో వాపోయేవాడు అన్నయ్య. తమ్ముడి వాదన ఇంకొకటి. "ఎనకమాల రెండు ఎరువు బస్తాలు ఏసుకుని చేలగట్ల మీద ఫస్ట్ గేర్లో ఈడుస్తాడక్కా. ఎద్దు కూడా చస్తది అట్టా చేస్తే." నేను రెండు ఇళ్ళలోనూ భోంచేసి, రెండు వాదనలకీ తల ఊపి, ఇంటికి వచ్చి మా ఆయనకి రెండూ చెప్పేదాన్ని. వదిన అయితే, "మీ అన్నయ్యకి నేను పోసే కాఫీ కంటే ఆ బండికి పోసే ఆయిలే ఎక్కువ వదినా" అని నవ్వేది. నవ్వినంత తేలిగ్గా లేదు పరిస్థితి. పిల్లలు కూడా ఒకరి గుమ్మం ఒకరు తొక్కడం మానేశారు.

మాచర్లలో ఒక మెకానిక్కుకి తమ్ముడు చూపించాడు. ఆయన ఇంజను కింద చూశాడు, కారడం లేదు. ప్లగ్గు విప్పి చూశాడు, నల్లగా జిడ్డుగా ఉంది. గాలి ఫిల్టరు డబ్బా తెరిస్తే లోపల ఆయిల్ మడుగు కట్టి ఉందట. "గాలి పోయే చోట ఆయిల్ ఎందుకుంది?" అని ఆయనే తల గోక్కున్నాడట. చివరికి, ఇంజను దించి చూస్తే గానీ చెప్పలేనన్నాడు. దించడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి, ఇద్దరూ మాట్లాడుకోరు. అలా ఆ సంగతి అక్కడే ఆగింది. ఆ ఫిల్టరు డబ్బాలో మడుగు మాత్రం నా బుర్రలో ఉండిపోయింది. నాకు మొదటినుంచీ అంతే, సంబంధం లేని విషయమైతే మరీ నిద్ర పట్టదు.

ఒకసారి మిరపకాయల రోజుల్లో వెళ్ళాను. అన్నయ్య కాయ కోయించి, ఎండబెట్టి, బస్తాలకెత్తి, గుంటూరు యార్డుకి పంపడానికి ఉమ్మడి దారి నిండా పేర్చాడు. మా వైపు ఆ బస్తాని టిక్కీ అంటాం. ఆ ఘాటుకి ఊరంతా తుమ్ముతోంది. మర్నాడు ఆదివారం, ఇచ్చే వంతు అన్నయ్యది. దారిలో చోటు లేక మొదటిసారి బండిని వీధిలో సిమెంటు రోడ్డు మీద నిలబెట్టారు. తమ్ముడు పుల్ల తీశాడు, తుడిచాడు, పెట్టి తీశాడు. ఆయిల్ సరిగ్గా గీత మీద ఉంది. వాడు నమ్మలేక మళ్ళీ చూశాడు, అంతే ఉంది.

అన్నయ్య ఇన్నేళ్ళుగా దాచుకున్నదంతా అప్పుడు బయటపడింది. "చూశావటే అమ్మాయ్? నా వారంలో చుక్క తగ్గలా. ఇన్నాళ్ళూ బండిని తింది ఎవరో ఇప్పుడు తెలిసిందా" అన్నాడు, నాతో అన్నట్టుగా, వీధి మొత్తానికి వినిపించేట్టుగా. తమ్ముడి మొహం పాలిపోయింది. వాడు తిరగబడతాడనుకున్నాను, తిరగబడలేదు. "అక్కా, ఇంక ఈ బండి నాకొద్దు. రేపు మాచర్ల నుంచి పాత బళ్ళు కొనేటాయన్ని పిలిపిస్తన్నా. అమ్మేసి, ఆ డబ్బు కూడా అన్నయ్యనే ఉంచుకోమను" అన్నాడు. అన్నయ్య, "అమ్మితే అమ్మమను" అని లోపలికి వెళ్ళిపోయాడు. తాళం ఎవరూ పట్టుకోకపోతే నేనే తీసుకుని కొంగున ముడేసుకున్నాను.

ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. బండి పోతుందని కాదు. ఇనపముక్క, ఇవాళ కాకపోతే రేపు పోతుంది. కానీ పొలాలు వేరు, గుమ్మాలు వేరు, పండగలు వేరు. ఇక ఆదివారం పొద్దున ఒకరి ఎదుట ఒకరు నిలబడే పని కూడా లేకపోతే మా ఇంట్లో అన్నదమ్ములనే మాటకి అర్థమేముంది? నాకు ఏడుపొచ్చింది. మరదలు చూసి, మిరపకాయల ఘాటేమో అనుకుంది.

సాయంత్రం లారీ వచ్చి టిక్కీలు ఎత్తుకుపోయింది. బండిని రాత్రి రోడ్డు మీద వదలడం ఎందుకని తమ్ముడు దాన్ని తోసుకొచ్చి దారిలో ఎప్పుడూ నిలిపే చోటే నిలిపాడు. తెల్లవారి కాఫీ గ్లాసుతో అటు వెళ్ళాను. పోతున్న బండి కదా అని కాసేపు సీటు తడిమాను. ఆ తర్వాత చెయ్యి ఊరుకోక, వాళ్ళు చేసే తంతు నేనూ చేశాను. పుల్ల తీసి, కొంగుతో తుడిచి, పెట్టి తీశాను. ఆయిల్ గీత కంటే బాగా కిందకి ఉంది.

నిన్న పొద్దున గీత మీద ఉంది. ఆ తర్వాత ఇంజను స్టార్టే చేయలేదు. తాళం నా కొంగున ఉంది. నేల మీద ఒక్క చుక్క లేదు. మరి తాగిందెవరు? గ్లాసు నాపరాళ్ళ మీద పెట్టి ఆలోచిస్తుంటే, కాఫీ గ్లాసులో ఒక అంచుకి పైకీ రెండో అంచుకి కిందకీ ఉండటం కనిపించింది. నాన్న సంవత్సరీకంనాడు ఇదే దారిలో బంతి వేస్తే చారు విస్తట్లో నిలవక ఒకవైపే పరుగెత్తిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అప్పుడందరం వంటవాడు చారు పలచగా కాచాడని తిట్టాం.

వదినని ఒక కంచం నిండా నీళ్ళు తెమ్మని, రెండు గుమ్మాల వైపూ తిరిగి ఇద్దరినీ కేకేశాను. పాత బళ్ళాయన వచ్చాడనుకుని ఇద్దరూ వచ్చారు. కంచం బండి పక్కన పెట్టాను. నీళ్ళు ప్రహరీ వైపు అంచు దాటి కారిపోయాయి, ఇటువైపు కంచం అడుగు కనబడుతోంది. వాన నీళ్ళు ఎవరి గుమ్మంలోకీ రాకూడదని పంపకాలప్పుడు ఇద్దరూ పట్టుబట్టి, రాళ్ళన్నీ ప్రహరీ పక్కన కాలవలోకి వాలుగా వేయించుకున్నారు. వీధి వైపు తిరిగి నిలబడ్డ బండికి ఆ కాలవ ఎడమ పక్క. పుల్ల ఉండేది ఇంజనుకి కుడి పక్క. ఆయిలంతా ఎడమకి ఒరిగితే కుడివైపు పుల్లకి అందేదెంత?

"బండిని రోడ్డు మీదకి తోయండి" అన్నాను. ఒక్కడు తోయబోతే స్టాండు దగ్గర నాపరాయి అంచు తగిలింది, రెండోవాడు వెనక చెయ్యి వేయక తప్పలేదు. రోడ్డు మీద పుల్ల తీస్తే గీత మీద ఉంది. దారిలోకి తెస్తే కిందకి ఉంది. మళ్ళీ రోడ్డు మీదకి తోయించాను, ఈసారి నా సరదా కోసం.

తమ్ముడికి ముందు వెలిగింది. యంత్రాల మధ్య తిరిగేవాడు కదా. "అయితే సరిపడా ఉన్నదాని మీద ప్రతి వారం ఇంకా పోస్తన్నామన్నమాట. ఎక్కువైంది ఇంజన్లో పట్టక, దాని ఊపిరి గొట్టంలోంచి గాలి ఫిల్టర్లోకి తన్నుతంది. అక్కడి నుంచి మళ్ళీ లోపలికి పోయి పొగయి పోతంది. వారం తిరిగేసరికి ఎక్కువ పోసింది కాలిపోయి, సరిగ్గా ఉండాల్సింది ఉంటంది" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "మనం వాలులో నిలబెట్టి తగ్గిందంటన్నాం" అన్నాడు. మనం అనే మాట వాడి నోట విని చాలా కాలమైంది.

అన్నయ్య వంగి పుల్ల తుడిచి దాని చోట పెట్టాడు. తమ్ముడి వైపు తిరగకుండానే, "నీ మీద తప్పు మోపానురా. ఊళ్ళో నలుగురి ముందు కూడా అన్నా. నోరు జారానురా" అన్నాడు. తమ్ముడు, "నేను మాత్రం తక్కువన్నానా అన్నయ్యా" అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు. మాచర్ల ఆయన వచ్చి, కాఫీ తాగి, ఉత్త చేతులతో వెళ్ళాడు. ఫిల్టరు శుభ్రం చేయించి, ఎక్కువైన ఆయిల్ తీయించాక కొన్నాళ్ళకి పొగ దానంతటదే పోయింది. ఇంజను దించాల్సిన పనే పడలేదు.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ ఆయిల్ తగ్గనప్పుడు చూడటం దేనికి? ఆదివారం తంతు ఆగిపోయింది. వంతు మారే పొద్దున తాళం మేకుకి తగిలించి ఉండేది, రెండోవారు తీసుకుపోయేవారు. గొడవ లేదు, కలవడమూ లేదు. వదిన ఫోన్లో, "ఇల్లు చానా నెమ్మదిగా ఉంది వదినా" అంటే, ఆ నెమ్మది నాకు నచ్చలేదు. మంచి చేయబోయి ఉన్న ఒక్క దారీ మూశానా అని దిగులు పడ్డాను.

ఆ తర్వాత ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. అన్నయ్య గుడ్డముక్క చేత్తో పట్టుకుని బయటికొచ్చి, బండి వీధిలోకి తోసి, స్టాండు వేసి, గోడ అవతలికి కేకేశాడు. "ఒరేయ్, ఆయిల్ చూద్దాం రా." తాళం మేకుకి తగిలిస్తే సరిపోయేది, ఆయిల్ చూడాల్సిన పనేం లేదు. తమ్ముడు ఆ మాట అనలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి రోడ్డు మీద గొంతుక్కూర్చున్నాడు. పుల్ల తీశారు, తుడిచారు, గీత మీదే ఉంది. పోసేదేమీ లేదు. అయినా ఇద్దరూ ఎండెక్కేదాకా అక్కడే కూర్చుని పత్తి గురించీ క్వారీ గురించీ మాట్లాడుకున్నారు, నేను వసారాలోంచి చూస్తూ ఉండిపోయాను. ఆ ఏళ్ళన్నీ పగలతో వృథాగా పోయాయని ఇప్పుడు ఇద్దరూ బాధపడుతుంటారు గానీ, వెనక్కి తిరిగి చూస్తే, ఆ కాలమంతటిలో ఒకరి మొహం ఒకరు చూడకుండా గడిచిన ఆదివారం మా ఇంట్లో ఒక్కటీ లేదు.